సహకవి రచన - మన బాధ్యత

మన కవిసమ్మేళనాల్లో అన్నిటికన్నా చవకగా దొరికే మాట 'బాగుంది'. జనగామలో కానివ్వండి, మహబూబాబాద్‌లో కానివ్వండి, భూపాలపల్లిలో కానివ్వండి, ఇరవైమంది కవులు చదివిన చోట ఇరవైసార్లు ఈ మాట వినబడుతుంది. చదివినవాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు. తర్వాతి కవి లేచి నిలబడతాడు. వెనక కూర్చున్నవాడు తన వంతు వచ్చేదాకా తన కవితనే మనసులో వల్లె వేసుకుంటాడు. వంతు అయిపోయాక బస్సు వేళ చూసుకుంటాడు. ఇరవైమంది చదివిన సభలో విన్నవాడు ఒక్కడూ ఉండడు. ఇప్పుడు సభ దాకా కూడా పోనక్కరలేదు. కవిత ఫోనుకు వస్తుంది, రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి తిరిగి పోతుంది.

దీనికి ఎదురుగా ఇంకో రకం స్పందన ఉంది. "ఇది కవిత్వమే కాదు" అని ఒక్క మాటతో కొట్టిపారేయటం. ఇది అన్నవాడికి నిర్మొహమాటస్తుడని పేరు వస్తుంది. పైకి ఈ రెండూ ఒకదానికొకటి వ్యతిరేకంగా కనబడతాయి కాని, నిజానికి రెండూ ఒకటే. రెండింటిలోనూ కవితను చదవటం అనే పని జరగలేదు. ఒకరు చదవకుండా మెచ్చుకున్నారు, ఇంకొకరు చదవకుండా తీసిపారేశారు.

ఇది చిన్న విషయమని అనుకోవటానికి వీల్లేదు. మనలో కవిత్వం మీద బతికేవాళ్లు లేరు. బడిపంతుళ్లు, గని కార్మికులు, కండక్టర్లు, కాలేజీ విద్యార్థులు, పొద్దంతా పని చేసి రాత్రి రాసుకునేవాళ్లు. వీళ్ల కవితకు మొదటి పాఠకుడు పక్కనున్న ఇంకో కవే. చాలాసార్లు చివరి పాఠకుడు కూడా ఆయనే. ఆయన చదవకపోతే ఆ కవితను చదివినవాడు లేడు. పెద్ద కవికి ఒక విమర్శకుడు అన్యాయం చేస్తే ఇంకొకరు సరిచేస్తారు. జనగామ పక్క ఊళ్లో మొదటి కవిత రాసిన పిల్లకు మనం అన్యాయం చేస్తే సరిచేసేవాళ్లు ఉండరు.

మనకున్న వారసత్వం

సహకవి రచనను చదివి చెప్పే ఆనవాయితీ మన ప్రాంతానికి కొత్తది కాదు. నిజాం పాలనలో ఉర్దూ కవుల మధ్య 'ఇస్లాహ్' పద్ధతి ఉండేది. శిష్యుడు తన గజల్ ఉస్తాదుకు చూపిస్తాడు, ఉస్తాదు దిద్దుతాడు. గాలిబ్ తన శిష్యుడు హర్‌గోపాల్ తఫ్తాకు రాసిన ఉత్తరాల్లో ఈ మాట ఎందుకు తప్పు, ఈ ప్రయోగం ఎందుకు కుదరదు అని కారణాలతో సహా చెప్పటం చూస్తాం. ఆ గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చిన దాశరథి నేటి మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టినవాడన్నది మనందరికీ తెలిసిందే. ఇస్లాహ్‌లో ఒక గొప్ప గుణం ఉంది: మాటమాటనూ పట్టించుకోవటం. ఒక ప్రమాదం కూడా ఉంది: ఉస్తాదు కలం ఎక్కువగా నడిస్తే శిష్యుడి షేర్ కాస్తా ఉస్తాదు షేర్ అయిపోతుంది.

1934లో సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ కవుల సంచిక' తెచ్చాడు. తెలంగాణలో కవులు లేరన్నట్టుగా వచ్చిన ఒక వ్యాఖ్యకు అది జవాబు. 354 మంది కవులను ఒక్కచోట నిలబెట్టి చూపించాడు. వాళ్లలో ఎక్కువమంది ఊళ్లలో ఉండి తమకోసం, తమ చుట్టూ ఉన్నవాళ్లకోసం రాసుకున్నవాళ్లు. ఆ పని చారిత్రకంగా అవసరమైనది, గొప్పది. అయితే అది 'ఉన్నారా, లేరా' అన్న ప్రశ్నకు జవాబు. 'ఎట్లా రాస్తున్నారు' అన్నది వేరే ప్రశ్న. లెక్కపెట్టటం ఒక పని, తూకం వెయ్యటం ఇంకో పని. నేటికీ మన సంకలనాలు చాలావరకు మొదటి పని దగ్గరే ఆగిపోతున్నాయి. ఎనభైమందితో, నూరుమందితో సంకలనం తెస్తాం, పుస్తకావిష్కరణలో పేర్లు చదువుతాం. ఆ తర్వాత ఆ పుస్తకంలో ఏ కవిత నిలబడింది, ఏది నిలబడలేదు అని ఒక్కరోజు కూడా కూర్చుని మాట్లాడుకోం.

రెండో పని జరిగిన చోటులు లేకపోలేదు. వరంగల్‌లో కాళోజీ సోదరుల చుట్టూ నడిచిన మిత్రమండలిలో కొత్త రచన చదవటం, దాన్ని గురించి మాట్లాడుకోవటం ఒక అలవాటుగా ఉండేది. అన్న రామేశ్వరరావు 'షాద్' పేరుతో ఉర్దూలో రాసేవాడు, తమ్ముడు నారాయణరావు తెలుగులో. రెండు భాషల అభిరుచి ఒకే గదిలో కూర్చున్న సందర్భం అది. 1966 నవంబరులో హనుమకొండ నుంచి సాహితీమిత్రులు 'సృజన' మొదలుపెట్టాక ఆ చర్చ అచ్చులోకి వచ్చింది. కుందుర్తి 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టి వచన కవులను వెతికి వెతికి ముందుకు తెచ్చాడు. 1980ల రెండో భాగంలో ఆంధ్రజ్యోతిలో చేరా 'చేరాతలు' శీర్షిక కింద కొత్త కవుల పుస్తకాలను పట్టుకుని పాదం పాదం చదివి చూపించాడు. భాషాశాస్త్రం తెలిసిన ఒక పండితుడు నిన్నమొన్న కలంపట్టిన కవి పద్యానికి అంత సమయం ఇవ్వటమే ఆ రోజుల్లో ఎందరికో పెద్ద ధైర్యం.

బయటి ప్రపంచంలోనూ ఈ సమస్య మీద పనిచేసినవాళ్లున్నారు. 1930లో గోర్కీ కొత్త రచయితలకోసమే 'సాహిత్య అధ్యయనం' అనే పత్రిక పెట్టాడు. దీనికి భిన్నంగా జర్మన్ కవి రిల్కే, 1903లో ఒక సైనిక పాఠశాల విద్యార్థి తన కవితలు పంపి అభిప్రాయం అడిగితే, విమర్శ చేయటానికి ఇష్టపడక, ముందు నీలోకి నువ్వు చూసుకోమని జవాబు రాశాడు. రిల్కే మాటలో సత్యం ఉంది. కాని మన పరిస్థితి వేరు. మన సహకవి ఉత్తరం రాసి దూరాన ఉన్న గొప్పవాడిని అడగటం లేదు. పక్క కుర్చీలో కూర్చుని మనల్ని అడుగుతున్నాడు. నీలోకి నువ్వు చూసుకో అని లేచిపోవటానికి మనకు వీల్లేదు.

నా తప్పు ఒకటి

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పటం అవసరం. కొన్నేళ్ల కింద భూపాలపల్లి ప్రాంతంలో జరిగిన ఒక చిన్న సమావేశంలో ఒక గని కార్మికుడు కవిత చదివాడు. బాయి లోపలికి దిగే మనిషి గురించిన కవిత అది. అందులో కప్పు మోగటం గురించీ, ఆ మోత వినబడితే గుండె నిమ్మళించటం గురించీ ఒక మాట ఉంది. సభలో నేను తెలుగు ఎం.ఏ.నని, నాలుగు వ్యాసాలు రాసినవాడినని నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడాను. కప్పు మోగటమేమిటి, మోగితే భయం వెయ్యాలి కాని నిమ్మళించటమేమిటి, ఈ ప్రతీక తలకిందులైంది, 'కప్పు' తీసి 'గుండె' అని పెడితే పొసుగుతుంది అని సలహా ఇచ్చాను. నలుగురు తల ఊపారు. ఆయన ఏమీ అనలేదు.

టీ తాగేటప్పుడు ఆయన దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు: "సార్, బాయిల కప్పు కొట్టి సూస్తం. గట్టిగ మోగితే పదిలం. డొల్ల సప్పుడొచ్చిందంటే కిందికెల్లి జరగాలె. గంతే సార్." బొగ్గు తీసిన చోట పైనున్న రాతిపొరను కర్రతోనో గడ్డపారతోనో తట్టి, చప్పుడును బట్టి అది పట్టి ఉందో, పొర విడిందో తెలుసుకుంటారు. చెవి తప్పితే ప్రాణం పోతుంది. ఆ కవితలో అన్నిటికన్నా నిజమైన మాట ఏదో దాన్నే నేను తీసెయ్యమన్నాను. తీసి పెట్టమన్న మాట 'గుండె'! వెయ్యి కవితల్లో అరిగిపోయిన మాట.

తప్పు ఎక్కడ జరిగింది? నాకు గని తెలియకపోవటం తప్పు కాదు. తెలియనిదాన్ని కవి లోపమనుకోవటం తప్పు. అడగవలసిన చోట తీర్పు చెప్పాను. ఆయన తర్వాత రెండు సమావేశాలకు రాలేదు. షిఫ్టు వల్ల రాలేదో, నా వల్ల రాలేదో అని నేను లోలోపల మథనపడిన మాట నిజం.

ఎట్లా చదవాలి?

కవిత చదవటానికి సూత్రాలు కట్టలేం. అయినా పని జరగాలంటే ఒక క్రమం ఉండాలి. ఉదాహరణకు ఈ కింది పాదాలు చూడండి. ఇవి ఏ మిత్రుడివీ కావు. మన సభల్లో ఇలాంటివి వినీ వినీ నేనే కట్టినవి.

బోరు ఎండింది
రైతు కన్నీరు కార్చాడు
దోపిడీ రాక్షసి పళ్లికిలించింది
అమ్మ బిందె
బోరింగు దగ్గర
రాత్రంతా వరుసలో నిలబడింది
లేవండి రైతులారా
ఎర్రని పొద్దు పొడుస్తుంది

ఈ కవితకు 'బాగుంది' అనవచ్చు, 'నినాదం' అని కొట్టెయ్యవచ్చు. రెండూ చేయకుండా చదువుదాం.

మొదట, తీర్పు పక్కన పెట్టి, కవితలో ఏం జరిగిందో మన మాటల్లో చెప్పాలి. చెప్పబోతే ఒక సంగతి తెలుస్తుంది. 'బోరు' వేరు, 'బోరింగు' వేరు. బోరు పొలంలోది, కరెంటు మోటరుతో నడిచేది. బోరింగు ఊళ్లోది, చేత్తో కొట్టేది. పొలంలో బోరు ఎండింది, ఊళ్లో బోరింగు దగ్గర బిందెల వరుస పెరిగింది. అంటే సాగునీటి కరువు తాగునీటి కరువుగా మారింది. ఈ రెండు పాదాల మధ్య ఒక కార్యకారణ సంబంధం ఉంది. జనగామ లాంటి మెట్టప్రాంతం వాడికి ఇది వివరించనక్కరలేదు. కాని ఆ సంబంధం కవితలో పైకి రాలేదు. మధ్యలో రాక్షసి అడ్డం పడింది. కవికి ఈ విషయం చెబితే ఆయన ఆశ్చర్యపోవచ్చు. తన కవితలో ఉన్న బలం తనకే తెలియకపోవటం కొత్త కవులకు మామూలే. దాన్ని చూపించటం విమర్శకుడి మొదటి పని.

రెండోది, బతికి ఉన్న పాదం ఏదో గుర్తుపట్టాలి. 'అమ్మ బిందె... వరుసలో నిలబడింది' అన్నది ఈ కవితకు ప్రాణం. అమ్మ నిలబడలేదు, బిందె నిలబడింది. పొద్దంతా కూలికి పోయివచ్చిన మనిషి బిందెను వరుసలో పెట్టి ఇంటికి పోయి కాసేపు నడుం వాల్చింది. ఆమె బదులు బిందె మేలుకుంది. ఇది కవి కళ్లతో చూసింది. రైతు కన్నీరు, రాక్షసి పళ్లు, ఎర్రని పొద్దు ఆయన చూసినవి కావు, చదివినవి. ఒకే కవితలో చూసిందీ చదివిందీ పక్కపక్కన ఉన్నప్పుడు చూసింది ఎంత గట్టిగా నిలబడిందో వేలు పెట్టి చూపించగలగాలి.

మూడోది, లోపాన్ని ప్రశ్నగా అడగాలి. "చివరి రెండు పాదాలు తీసెయ్యండి" అనటం కన్నా "లేవండి అని పిలుస్తున్నది ఎవరు? ఆయన ఎక్కడ నిలబడి పిలుస్తున్నాడు? బిందెల వరుసలో ఉన్నాడా, బయట ఉన్నాడా?" అని అడగటం మేలు. ఈ ప్రశ్నకు కవి జవాబు వెతుక్కుంటే ఆ పాదాలు పోవచ్చు, మారవచ్చు, అవసరమైనవని తేలి మిగలనూవచ్చు. ఏది జరిగినా అది కవి చేసిన పని అవుతుంది. మనం తీసేస్తే అది ఇస్లాహ్‌లోని ప్రమాదమే. పెంబర్తి ఇత్తడి పనివాళ్లను చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రేకు కింద లక్క పరిచి, వెనకవైపు నుంచి సుత్తితో కొడుతూ బొమ్మ లేపుతారు. లక్క దెబ్బను భరిస్తుంది, రేకును చిరగనివ్వదు. మన స్పందన ఆ లక్కలాగా ఉండాలి. సుత్తి మాత్రం కవి చేతిలోనే ఉండాలి.

నాలుగోది, లోపమేదో తేడా ఏదో వేరుచేసి చూడాలి. 'వరుసలో' అని రాసిన కవి ఇంట్లో మాట్లాడేటప్పుడు 'లైన్ల' అంటాడేమో. అది తప్పా? బడిలో నేర్పిన భాషకూ జనం నోటి భాషకూ ఉన్న దూరాన్ని కాళోజీ జీవితమంతా ఎత్తిచూపాడు. నేటి జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన సోమనాథుడు పదమూడో శతాబ్దంలోనే పండితుల మార్గం పక్కనపెట్టి దేశి ద్విపదను, జాను తెనుగును ఎంచుకున్నాడు. ఆ నేల మీద కూర్చుని 'పోయిండు' అన్న మాటను 'పోయాడు' అని దిద్దటం సిగ్గుపడవలసిన పని. అదే కవి ఒక పాదంలో 'పోయిండు' అని, మరో పాదంలో 'అరుదెంచెను' అని రాస్తే మాత్రం అడగవలసిందే. మొదటిది తేడా, రెండోది అజాగ్రత్త.

అయిదోది కవితను వినిపించిన కవికి సంబంధించినది. లాహోర్‌లో 1939లో మొదలైన 'హల్ఖా-ఎ-అర్బాబ్-ఎ-జౌఖ్' వారపు సమావేశాల్లో రచన చదివినవాడు చర్చ నడుస్తున్నంతసేపూ మాట్లాడకూడదన్న ఆనవాయితీ ఉండేది. మన సభల్లో కవి ప్రతి పాదానికీ వ్యాఖ్యానం చెబుతాడు: "ఇక్కడ నా ఉద్దేశం ఏమంటే..." కాగితం మీద లేని ఉద్దేశం పాఠకుడికి అందదు. నోరు మూసుకుని వింటేనే తన కవితలో ఏం అందిందో, ఏం అందలేదో కవికి తెలుస్తుంది. అట్లాగని చర్చ ముగిశాక కూడా ఆయన్ను మాట్లాడనివ్వకపోతే నాలాంటి వాళ్ల తప్పులు ఎప్పటికీ బయటపడవు. ముందు మౌనం, తర్వాత జవాబు - రెండూ కావాలి.

వస్తువు సాకు కాదు

ప్రగతిశీల సాహిత్యకారులం కనుక మనకు మాత్రమే ఉన్న ఒక జబ్బు గురించి కూడా చెప్పుకోవాలి. వస్తువు మనదైతే కవితను క్షమించేస్తాం. కార్మికుడి మీద రాశాడు, కరువు మీద రాశాడు, ఇక శిల్పం గురించి అడగటం అన్యాయమనుకుంటాం. దీన్ని నిబద్ధత అనుకుంటాం. నిజానికి ఇది వస్తువుకే చేసే ద్రోహం. రాజకీయంగా ఎంత ముందున్న రచన అయినా కళాగుణం లేకపోతే దానికి శక్తి ఉండదని 1942లో యెనాన్ సభల్లో మావోనే చెప్పాడు. కరువు మీద వంద కవితలు ఒకే మూసలో వస్తే వినేవాడికి కరువు మీదే విసుగు పుడుతుంది. ఆ పాపం ఆ కవులతోబాటు చప్పట్లు కొట్టిన మనదీ.

నిజామాబాద్ జైల్లో దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. అదే జైల్లో వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నాడు. కాగితం లేదు, అచ్చు లేదు, పక్కనున్న ఖైదీ ఒక్కడే పాఠకుడు. అంత నిర్బంధంలోనూ దాశరథి పద్యం నడక చెడనివ్వలేదు. పోరాటం తీవ్రంగా ఉంది కనుక ఛందస్సు సడలినా ఫరవాలేదనుకోలేదు. మన వస్తువు మీద మనకు గౌరవం ఉంటే దానికి తగిన మాట వెతకటమూ మన బాధ్యతే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 1993లో 'నీలిమేఘాలు' స్త్రీవాద కవితా సంకలనం, 1995లో 'చిక్కనవుతున్న పాట' దళిత కవితా సంకలనం వచ్చినప్పుడు ఆ కవిత్వాన్ని కొలవటానికి మన దగ్గరున్న కొలబద్దలు చాల్లేదు. కొందరు కొలబద్దను మార్చుకున్నారు, కొందరు కవిత్వానిదే తప్పన్నారు. నేను కప్పు విషయంలో చేసిన తప్పే అప్పుడు చాలామంది పెద్దలు పెద్ద ఎత్తున చేశారు. ఇక మెచ్చుకోలులో ఉండే అవమానం ఇంకొకటి. "మీరు రాయటమే గొప్ప" అని ఒక తండా నుంచి వచ్చిన విద్యార్థితోనో, ఇంటిపని ముగించి వచ్చిన గృహిణితోనో అంటాం. ఆ మాటకు అర్థం, మీ కవితను మా కవితతో సమానంగా చదవం అని. సమానంగా చదవటం అంటే గట్టి ప్రశ్నలు కూడా సమానంగా అడగటమే.

చివరగా

సంఘ శాఖల మిత్రులకు ఒక సూచన. ఇరవైమంది చదివే సభ ఏడాదికి ఒకటి రెండు చాలు. నెలకొకసారి అయిదారుగురు కూర్చుని, ముందే పంచుకున్న రెండు కవితలను రెండేసి సార్లు, ఒకసారి కవి గొంతులో, ఒకసారి ఇంకొకరి గొంతులో చదివి, గంటసేపు మాట్లాడుకుంటే ఎక్కువ మేలు జరుగుతుంది. ఇంకొకరి గొంతులో చదివినప్పుడు తడబడిన చోటే ఆ కవిత తడబడిన చోటు. దీనికి హాలు అక్కరలేదు, మైకు అక్కరలేదు, ముఖ్య అతిథి అసలే అక్కరలేదు. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక ప్రతిదానికీ వరంగల్ వైపు చూసే అవసరం కూడా కొంత తగ్గింది. ఒక బడి గది, ఆదివారం సాయంత్రం, కొద్దిగా ఓపిక ఉంటే చాలు.

ఆ గని కార్మిక కవి మూడో సమావేశానికి వచ్చాడు. అదే కవిత మళ్లీ చదివాడు. నేను మార్చమన్న 'కప్పు' అట్లాగే ఉంది. కాని చివర్లో ఒక పాదం లేదు. బొగ్గును నల్ల బంగారం అన్న పాదం. మొదటిసారి నేను అది విని తల ఊపాను కూడా. ఎందుకు తీసేశారని అడిగాను. "అది డొల్ల మోగింది సార్" అన్నాడు.

కవితను చదవటం గురించి నేను ఇంతసేపు చెప్పిందంతా ఆయన ఆ ఒక్క మాటలో చెప్పాడు. తట్టి చూడాలి. చెవి పెట్టి వినాలి. గట్టిగా మోగితే గట్టిదనాలి, డొల్లగా మోగితే డొల్లదనాలి. తట్టకుండా దాని కింద నిలబడి బాగుందనటం మాత్రం స్నేహం కాదు.